లింగయ్య బండి, నా షట్టర్

అక్టోబర్ 4, శనివారం

షట్టర్ సగం లేచిందో లేదో, లింగయ్య కేకలు. నిన్న తీసుకుపోయిన ఎలక్ట్రిక్ బండికి పొద్దున చార్జింగ్ పెట్టాడట. ఫట్‌మని నిప్పురవ్వ, పొగ. బండి చచ్చింది.

"మంచిగున్న బండిని ఖరాబ్ జేసినవ్ గదరా శ్రీశైలం!"

మంచిగున్న బండట! పండుగకు ముందు నా దగ్గరికి వచ్చినప్పుడు నాలుగడుగులు పోయి ఆగేది. మోటారులో తెగిన వైరు వెతికి అతికించింది ఎవరు? గొర్ల వెంట తిరిగేవాడికి తీరిక లేక, దసరా దాటేదాకా నా షాపులోనే పెట్టుకున్నాను. నేను భువనగిరిలో అత్తగారింట్లో ఉంటే అమ్మే బండి అప్పజెప్పింది. ఇంత చేస్తే నన్ను 'రా' అంటాడా. వాడి నోట్లో మన్ను పడ.

అక్టోబర్ 5

ట్రాలీ ఆటోలో తెచ్చి బండిని షాపు ముందు పడేసి పోయాడు. పలకరింపు లేదు.

నల్గొండ షోరూంవాడికి ఫోన్ చేశాను. "బయట మెకానిక్ ఇప్పిండు గద అన్నా, వారంటీ పోయినట్టే..." చేతులు దులుపుకోవడం ఒక్కటే వచ్చిన పని వాళ్లకు.

అక్టోబర్ 6

టీ హోటల్ దగ్గర, పదిమంది ముందు — "వానికి పెట్రోల్ బండ్లే సక్కగ రావు, కరెంటు బండ్లకు ఎగవడ్డడు" అంటాడు లింగయ్య. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"తప్పు నా షాపుల జరిగిందని తేలితే షట్టర్ దించుత. జిందగీల మళ్ల ఎత్తను!"

పెద్దమనుషులు అక్కడే ఉన్నారు. మాట పట్టుకున్నారు. ఆదివారం పంచాయితీ.

ఎందుకన్నాను... నోటిదూల.

అక్టోబర్ 7

ఒక్క బండీ రాలేదు. ఎదురుగా పంక్చర్ షాపు ముందు మాత్రం రెండు ఎలక్ట్రిక్ బండ్లు. వాడికి మీటరు పట్టుకోవడం కూడా రాదు. అయినా వాడి దగ్గరికే పోతున్నారు.

అక్టోబర్ 8

మీటరు పెట్టి మొదటి నుంచి చూస్తున్నా. బ్యాటరీ బాగుంది. మోటారు బాగుంది. నేను అతికించిన వైరు గట్టిగా లాగి చూశాను — రాదు! లింగయ్య ఇక్కడ ఉంటే ఆ వైరు వాడి మొహం మీద పెట్టి చూపించేవాణ్ణి.

చార్జింగ్ సాకెట్ దగ్గరే కరెంటు ఆగిపోతోంది. రేపు విప్పాలి. ఇవాళ కడుపునిండా తిన్నాను.

అక్టోబర్ 9

దొరికింది!

సాకెట్ లోపల పిన్నులు నల్లగా మాడిపోయి ఉన్నాయి. వాటి మధ్య పచ్చగా గట్టిపడ్డ ముద్ద. గోరుతో గీకి వాసన చూశాను. పసుపు. పక్కనే కుంకుమ. తడి పసుపు మెత్తి చార్జర్ పెడితే మాడక ఏమవుతుంది? శుక్రవారం ఇంటికి తీసుకుపోయి, ఆలస్యంగా దసరా పూజ చేసుకున్నాడన్నమాట. చేసిందంతా చేసి నన్ను ఊరంతా తిట్టాడు. ఫోటో తీశాను. ఆదివారం రానీ. వాడి పరువు టీ హోటల్ ముందు ఆరబెడతాను.

అక్టోబర్ 10

ఆదివారం దాకా ఆగలేకపోయాను. లింగయ్య ఇంటికే పోయి ఫోటో చూపించాను. వాడి భార్య యాదమ్మ గడపలోనే నిలబడి చూసింది.

"పసుపు మేమెట్ల వెడ్తం శ్రీశైలం? మా బావ సచ్చిపోయి నెల గాలే. ముట్టుడు ఇల్లు. ఇయ్యేడు మాకు పండుగే లేదు. నీకెర్క లేదా?"

ఎందుకు తెలియదు? లింగయ్య అన్న చావుకు నేనూ పోయాను. కోపంలో మరిచిపోయాను.

లింగయ్య ఈసారి కేకలు వెయ్యలేదు. తిట్టినా బాగుండేది దొంగ ముఖంవాడు.

మరి ఈ పసుపు ఎక్కడిది?

అక్టోబర్ 11

అన్నం తింటూ అమ్మను అడిగాను — దసరా నాడు షాపు తీసినవా?

"తియ్యనా మరి? నువ్వు లేకపోతివి. బండ్లన్నీ కడిగి పూజ జేసిన."

లింగయ్య బండికి?

"పాపం, వాళ్లింట్ల పండుగ లేకపాయె. బండేం పాపం జేసింది బిడ్డా? మూత దీసి, అది కరెంటు తినే నోట్ల గింత పసుపు, కుంకుమ వెట్టిన. మీద బొట్లన్నీ మళ్ల తుడ్సిన, వాళ్లేమన్న అనుకుంటరని."

మిగతావన్నీ పెట్రోల్ బండ్లు. ఏమీ కాలేదు. ఈ ఒక్కదానికే...

ఎవరు చెయ్యమన్నారు నిన్ను! గొంతు దాకా వచ్చింది. ఆమె ఇంకో గరిటె పప్పు వేస్తోంది. కంచం ముందు నుంచి లేచి వచ్చేశాను.

మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ముట్టుడు ఇంట్లో దొంగచాటుగా పూజ చేశారని పదిమందిలో అంటే చాలు, లింగయ్య తలెత్తుకోలేడు. షాపు నిలబడుతుంది. వాడు నన్ను ఏమైనా తక్కువ చేశాడా? అనాలి. అంటాను.

చనిపోయినాయన పాడె మోసినవాణ్ణి. ఛీ.

అక్టోబర్ 12, ఆదివారం

పదింటికి పంచాయితీ. అమ్మ కొత్త చీర కట్టుకుంది.

"నేను గూడ వస్త. పరాయోళ్ల బండిని గూడ ఇంటి బండి లెక్క సూస్కున్నం, వాళ్లకు పండుగ లేకున్నా నేనే పూజ జేసిన అని పెద్దమనుషుల ముంగట చెప్త. నా కొడుకును ఎవడు తప్పువడ్తడో సూస్త!"

సాకెట్ ఎందుకు మాడిందో ఆమెకు ఇంకా చెప్పలేదు.

"నడువు బిడ్డా, ఆలస్యమైతాంది" — వాకిట్లో నిలబడి పిలుస్తోంది. నువ్వు ఇంట్లనే ఉండమ్మా అని ఒక్క మాట అంటే ఉండిపోతుంది. ఎందుకని కూడా అడగదు.

మళ్లీ పిలుస్తోంది...