వంకలో చెలమ

అన్నమ్మకు, ప్రభువు దయతో నేను బాగున్నాను. వేంపల్లెలో మన బిడ్డ ఎస్తర్ దగ్గర నువ్వూ బాగుండాలి.

నిన్న ఆఫీసర్లు వచ్చి బడి ముందర టెంటు వేసి, కొత్తగా పెట్టే నాపరాయి గనికి ప్రజాభిప్రాయం అడిగారు. గనిలో పనికిరాని రాళ్లు మన వంకలో పోస్తారట. వంకలో నీళ్లే లేవని రిపోర్టు చదివారు. ఎండల్లో వచ్చి పైపైన ఇసక చూసి పోయినారు మరి.

నేను మైకు పట్టుకున్నాను గాని మాట రాలేదు. "ఏందప్పా దేవపాలూ, మైకును మింగుతాండావా?" అన్నాడు ఓబులేసు. అందరూ నవ్వారు. కళ్లు మూసుకున్నాను. టెంటు, మనుషులు మసకైపోయి, పెళ్లైన కొత్తలో నువ్వు వంక ఇసకలో గుంట తీసి చెలమ తోడుతూ కనిపించావు. కలక నీళ్లు చిప్పతో మూడుసార్లు చల్లేసి, తేటనీళ్లు ఊరేదాకా పలకకుండా కూర్చునేదానివి. నేనూ అట్లే ఊరుకున్నాను. అప్పుడు మాట వచ్చింది.

"సార్, మోచేతి లోతు ఇసక తీస్తే నీళ్లుండాయి."

"చూపిస్తావా పెద్దాయనా?" అన్నాడు ఆఫీసరు.

"చూపిస్తా" అనేశాను. ఇరవయ్యో తేదీ వస్తారు. నీళ్లు కనబడితేనే రిపోర్టులో రాస్తారట.

ఎస్తర్ పసిబిడ్డకు దగ్గు తగ్గిందా? నా కళ్లజోడు నీ సంచిలో వచ్చిందేమో చూడు. కోడి తొమ్మిది పిల్లలను చేసింది.

పొద్దున ఒక్కణ్ణే పోయి చెలమ తీశాను. నీళ్లు ఊరాయి గాని తేటపడలేదు, నా చేతికి తొందరెక్కువ. పంతొమ్మిదికే జమ్మలమడుగు బస్సెక్కి రా. తల్లీబిడ్డలకు నా దీవెనలు చెప్పు. చిప్ప కడిగి పెట్టాను.

దేవపాలు