గెడ్డ అడుగున నీలం

వన్ టౌన్,
విశాఖపట్నం.

చిరంజీవి నరేష్‌కి, కోడలు దేవిశ్రీకి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, నా కుట్టుమిషనూ బాగానే నడుస్తున్నాం. జామ్‌నగర్‌లో మీరిద్దరూ ఆరోగ్యంగా ఉంటూ వేళకు తింటున్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. గోపాలపట్నం డాక్టరు మాత్రల వల్ల కాదు, తొక్కుడు మాని మిషనుకు మోటారు పెట్టించుకున్నాను, అందువల్ల. వంటగది మూల కారే రేకు మార్పించాను. దేవిశ్రీ అడిగిన చేపల పులుసు సంగతి వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను. అక్కడ మన చేపలు దొరకవు కాబట్టి చింతపండు కాస్త తగ్గించమను.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్పొచ్చు కదా అనుకుంటావు. మీ నాన్న మాట ఎత్తగానే నువ్వు ఫోన్ పెట్టేస్తావు. నిన్ను తప్పు పట్టడం లేదు. మీ నాన్న ఓడెక్కి ఎవరితోనో పోయాడని బళ్లో పిల్లలు ఏడిపిస్తే, ఆ వయసులో నువ్వెంత మోశావో నాకు తెలుసు. పెళ్లి కార్డులో ఆయన పేరు వద్దన్నప్పుడు కూడా నేను ఎదురు చెప్పలేదు. ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు నాన్నా.

పోయిన నెలలో హార్బరులో కలిసే గెడ్డ కాలువకు గోడ కడదామని పొక్లెయిన్‌తో పూడిక తీశారు. బాగా లోతు నుంచి వచ్చిన నల్ల బురదలో పాత పడవల గొలుసు ఒకటి పైకి లేచింది. ఆ గొలుసులో చిక్కుకుని మనిషి ఎముకలున్నాయి. పైకి తీసినప్పుడు ఎముకల మీదా గొలుసు మీదా పటికబెల్లం పలుకుల్లాంటివి తెల్లగా అంటుకుని ఉన్నాయట. పోలీసులు వచ్చేదాకా గట్టు మీద ఎండలోనే ఉంచారు. చూస్తుండగానే ఆ పలుకులు రంగు తిరిగి, బట్టలకు పెట్టే నీలిమందు చల్లినట్టు నీలంగా అయిపోయాయి.

ఇంక చెప్పాలా. విషం పెట్టి చంపారని కొందరు, చేతబడి అని కొందరు. పనివాళ్లు మర్నాడు గెడ్డలో దిగేది లేదన్నారు. నేనూ జాకెట్లు కుట్టుకుంటూ ఆ కబుర్లు విన్నాను, ఎవరి గొడవో అన్నట్టు.

దావూద్ భాయ్ నీకు గుర్తే, మీ నాన్న స్నేహితుడు. తాళ్లూ గొలుసులూ అమ్మే కొట్టు ఆయనది. ఆ గొలుసు చూసి ఏ పడవలదో చెప్పమని పోలీసులు పిలిస్తే వెళ్లాడు. అటునుంచి తిన్నగా మనింటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సెల్లమ్మా, మిసను ఆపి ఇలా సూడు."

"ఏటన్నయ్యా, ఏటయింది?"

"ఆ ఎముకలతో ఇత్తడి బిళ్లొకటి దొరికింది. పోర్టోళ్లు నంబరేసి కూలీలకిచ్చీవోరు సూడు, అది. ఆఫీసులో నంబరు తీసి సూసారు." ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "మన నూకరాజుదేనమ్మా."

నేనేమన్నానో నాకు గుర్తు లేదు. సూది కింద గుడ్డ అలాగే వదిలేసి ఆయన వెంట స్టేషనుకు వెళ్లాను. ఎస్సై ఒక రాగి కడియం చూపించాడు. సింహాచలంలో నేను కొన్నదే. పెద్దదైపోయిందని మీ నాన్న దాన్ని పళ్లతో నొక్కి బిగించుకున్నాడు. ఆ నొక్కు ఇంకా ఉంది.

"ఆయనకి ఎవరితోనైనా పగలున్నాయా? ఇసం పెట్టేంత పగ?" అని అడిగాడు ఎస్సై. ఇన్నేళ్లూ వదిలేసి పోయాడన్నారు. ఇప్పుడు ఎవరో చంపేశారంటారా?

ఆ గదిలో ఇంకొక అమ్మాయి ఉంది. యశస్విని అని, యూనివర్సిటీలో రాళ్లూ ఖనిజాల గురించి పాఠం చెబుతుందట. ఆ నీలం ఏమిటో తేల్చమని పోలీసులే పిలిపించారు. నీకంటే చిన్నది. నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఇది విషం కాదమ్మా. పరీక్ష చేసి సూసాను. ఇదొక ఖనిజం, వివియనైట్ అంటారు."

"ఖనిజం మనిషి ఎముకల మీద ఎలా పుడతాది తల్లీ?"

"ఎముకల్లో భాస్వరం ఉంటాది. గొలుసులో ఇనుముంది. గాలి సొరబడని బురదనీళ్లలో ఆ రెండూ ఏళ్ల తరబడి కలిసుంటే ఈ పలుకులు కడతాయి. అన్నిచోట్లా దొరకదు. ఇనుప గనుల్లో, పూడిపోయిన చెరువుల అడుగున, పాతకాలం నాటి ఏనుగు దంతాల మీద, ఎక్కడో అరుదుగా కనిపిస్తాది."

"మరి నీలం ఎందుకయింది?"

ఆమె నల్ల కాగితం చుట్టిన చిన్న డబ్బా తెరిచింది. గొలుసు లంకెల లోపలి నుంచి, వెలుతురు తగలకముందే తీసిన పలుకు అది. గాజు ముక్కలా రంగు లేకుండా ఉంది.

"బురదలో ఉన్నన్నాళ్లూ ఇలాగే ఉంటాదమ్మా. బయటికొచ్చి వెలుతురు తగిలితే ఇందులో ఇనుము మారిపోతాది. ముందు ఆకుపచ్చగా, తర్వాత నీలంగా, ఇంకా వదిలేస్తే నల్లగా అవుతాది. అంతే తప్ప ఇందులో ఎవరి పాపమూ లేదు."

ముట్టుకోనిచ్చింది. రాయి కదా, గట్టిగా ఉంటుందనుకున్నాను. నా గోరు తగిలితేనే గీత పడింది. అంత మెత్తన. వెంటనే చెయ్యి తీసేశాను.

ఎముకలు చూసిన డాక్టరు, గొలుసు కాలికి మెలిపడి ఉందని, గాయం చేసిన గుర్తులేవీ లేవని రాశాడట. అప్పుడు దావూద్ భాయ్ నోరు విప్పాడు.

"తుపానొత్తందని, రేవులో ఉంటే గోడలకి గుద్దుకుంటాయని ఓడలన్నీ సముద్రంలోకి ఎల్లిపోతన్నాయి సార్ ఆ సాయంత్రం. చిన్న పడవలు మాత్రం ఈ గెడ్డలోనే ఉన్నాయి. ఎల్లొద్దు బావా అన్నాను. గొలుసు ఊడితే పడవలన్నీ గుద్దుకుని సచ్చిపోతాయి, బిగించీసి వచ్చెత్తానన్నాడు. తెల్లారి సూత్తే పడవలు కట్టినట్టే ఉన్నాయి. మనిషి లేడు. ఎల్లిపోయిన ఓడల్లో ఏదో ఎక్కీసాడన్నారు. పారదీప్‌లో ఎవల్తోనో సూసామని కూడా సెప్పారు."

ఎస్సై రాయడం ఆపి నా వైపు చూశాడు. ఆ తర్వాత పగల గురించి అడగలేదు.

వచ్చేముందు యశస్విని, చదువుకోడానికి కొన్ని పలుకులు ఉంచుకోవచ్చా, మీరు వద్దంటే అన్నీ ఆయన ఎముకలతోనే ఇచ్చేస్తాను అంది. గొలుసు మీదవి నీవే తల్లీ, ఎముకల మీదవి మాత్రం ఆయనవి అన్నాను. తల ఊపి కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను. దావూద్ భాయ్‌కి కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. ఏడుపు వచ్చింది, కానీ దానికంటే ముందు సంతోషం వచ్చింది. ఆయన నన్ను వదిలి పోలేదు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లో అద్దంలో చూసుకుంటూ నాలో ఏం తక్కువైందని నన్ను నేనే అడిగాను. ఈ సందు వదిలేయమని నువ్వెంత పోరినా కదలకపోవడానికి కూడా అదే కారణం. ఒకవేళ తిరిగొస్తే ఏ తలుపు తట్టాలో ఆయనకు తెలియాలి కదా. ఆయనేమో మన వీధి చివరి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాడు. మొగుడు చచ్చిపోయాడని తెలిసి సంతోషించే ఆడది ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా ఆ సంతోషం పోలేదు. నువ్వైనా అర్థం చేసుకుంటావని రాశాను.

పక్కింటి గంగాలమ్మ వచ్చి, కర్మ అయ్యాక బొట్టు తీసేయాలంది.

"వదిలీసినోడి కోసం పెట్టుకుంతన్నాదని ఇన్నాళ్లూ నవ్వారు పిన్నీ. వదల్లేదని తెలిసాక ఇప్పుడు తీసీమంటారేటి?" అన్నాను. ఆమె కాసేపు కూర్చుని, మజ్జిగ తాగి, ఉంచుకోమ్మా అని వెళ్లిపోయింది.

ఎముకలు మనకు అప్పగించాలంటే కొడుకు రక్తంతో పరీక్ష కలవాలట. ఆ బిళ్లా, ఆ కడియమూ నాకు చాలు, ప్రభుత్వానికి చాలవు. అందుకని నువ్వు రావాలి. ఇంకొకటి. తలకొరివి ఎవరు పెడతారని దావూద్ భాయ్ అడిగితే, మా నరేష్ అని నిన్నడక్కుండానే చెప్పేశాను.

కోపం ఇంకా మిగిలి ఉంటే దాన్ని కూడా వెంట తెచ్చుకో, నాన్నా. ఇక్కడ దాచుకోనక్కర్లేదు. ఎదుట నిలబడి ఆయన్నే అడుగు, అరవాలనిపిస్తే అరిచెయ్. కొడుకు మాట వినే వీలు ఆయనకు ఇన్నాళ్లూ లేకపోయింది.

ఇట్లు,
మీ నాన్న భార్యను, నీ అమ్మను,
కనకరత్నం.