తోడు గిన్నె, కొత్త ఫ్యాను

ప్రణయ్,
నేను వేల్పూర్ పోతున్న, పొద్దుగూకేసరికి వస్త. పప్పు వేడి చేసుకొని తిను. పెరుగు లేదు. నువ్వు కంప్యూటర్‌కు కొత్త ఫ్యాను బిగించినకాన్నుంచి పాలు తోడుకుంటలేవు.

నిజం చెప్త, కోపం చెయ్యకు. నువ్వు గేమ్‌ల కోసం కొత్త కార్డు ఏయించినంక కంప్యూటర్ డబ్బా ఎనుక నుంచి మస్తు వేడి గాలి వస్తుండె. గీ చలికి అక్కడైతే మంచిగ తోడుకుంటదని, గిన్నెకు శాలువ చుట్టి రోజూ టేబుల్ ఎనుక పెట్టిన. గాలి పోయే తొవ్వకే అడ్డం పెట్టిన్నని నాకేం ఎరుక? కంప్యూటర్ ఊకె బంద్ అయితుందని నువ్వు దాన్ని రెండుసార్లు నిజామాబాద్ దాకా మోసుకపోతివి. గప్పుడన్న చెప్దామనుకున్న, నీ మొఖం జూసి భయమైంది.

మీ బాపుకు చెప్పకు. పెరుగు మస్తు గట్టిగున్నదని రోజూ మెచ్చుకుంటుండె.

అమ్మ

ఐతారం చుట్టాలొస్తున్నరు. గా కొత్త ఫ్యాను శనివారం ఒక్క పూట బంద్ పెట్టరాదు?