మా ఆవిడ సగం

వదినా,

మీ బేకరీ నుంచి పంపిన వెనిలా కప్‌కేకులు అందాయి. దయచేసి ఇక పంపకండి. కోపం తెచ్చుకోకుండా ఇది చివరిదాకా చదవండి.

మీ తమ్ముడికి షుగర్ వచ్చినప్పుడు డైటీషియన్ అన్న మాట గుర్తుందా? "మైదా, పంచదార, వెన్న. ఇందులో ఒంటికి పట్టేది భూతద్దం పెట్టి వెతికినా దొరకదండీ. అలాగని నోరు కట్టేసుకోవద్దు. ఆదివారం సగం తినండి, చాలు." అప్పట్నుంచీ ఒక్క కేకునే ఇద్దరం పంచుకున్నాం. క్రీము ఎక్కువున్న ముక్క కోసం చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్లం.

మతిమరుపు జబ్బు ముదిరాక ఆయన అన్నీ మరిచిపోయారు, ఆ పంపకం తప్ప. మొన్న ఆదివారం తన సగం తిని, రెండో సగం మీద గిన్నె బోర్లించారు. నేను తీసుకోబోతే చేతిమీద ఒక్కటిచ్చారు.

"అది మా ఆవిడది. మీకు కావాలంటే ఇంకోటి తెప్పిస్తాను."

నన్ను 'మీరు' అన్నారు వదినా! నేనే మీ ఆవిడనని మొత్తుకున్నాను. పెళ్లి ఫొటో చూపించాను. ఫొటోలో ఉన్న పిల్లని చూసి మురిసిపోయారు. నావైపు చూడనైనా లేదు.

సాయంత్రం దాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చుని, అలాగే కునుకు తీశారు. ఆ ముక్కకి చీమలు పట్టాయని పారేశాను. లేచి గిన్నె ఎత్తి, కింద ఖాళీగా ఉండడం చూసి, "వచ్చి తినేసి వెళ్లిపోయిందా? నన్ను లేపలేదేం?" అని నన్నే అడిగి వెక్కి వెక్కి ఏడ్చారు.



ఇంట్లోనే ఉన్న
మీ మరదలు