హన్నా కుట్టిన అంగీ

లింగంపల్లి,
12 జనవరి 1975

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ కోడలు కృపావతి ప్రభువు పేరట వందనాలు చేసి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. క్రిస్మస్‌కి వచ్చి మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మీరు చేసిపెట్టిన కజ్జికాయలు ఎప్పుడో అయిపోయాయి. మీ మనవడు సమూయేలు మాత్రం రోజూ ఆ డబ్బా మూత తీసి, అడుగున వేలుపెట్టి రాచి నాకుతున్నాడు.

పోగేసిన గుడ్డపీలికలు చూసి "వీటితో ఏం చేస్తావే, ఎలుకలు చేరతాయి" అని నవ్వారుగా! వాటితో బొమ్మలు కుట్టాను అత్తయ్యా. మీ అబ్బాయి పాత ఫ్యాక్టరీ ప్యాంటుతో గొల్యాతును చేశాను. దావీదుకి నా పెళ్ళిరవికె ముక్క. సాయంత్రం పొయ్యిమీద ఎసరు పెట్టి, బొమ్మలు ఆడిస్తూ వాడికి కథ చెబుతాను. అన్నం ఉడికేలోగా సగం, గంజి వార్చేలోగా మిగతా సగం. ఇంటావిడ నీలమ్మ పిల్లలూ వచ్చి గడప మీద కూర్చుంటున్నారు. దావీదు రాయి తగిలి గొల్యాతు పడ్డప్పుడల్లా వాళ్ళు పెట్టే కేకలకు గేదెలు బెదురుతున్నాయని నీలమ్మ తిడుతుంది, తనూ తొంగిచూస్తుంది.

ఒక్క సంగతి అడగాలి. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి "జూన్‌కి పిల్లాణ్ణి సిద్ధం చెయ్యి" అన్నారు. దేనికి సిద్ధం? మీ అబ్బాయిని అడిగితే "అమ్మనే అడుగు" అని సైకిలు తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. పప్పు మాడుస్తున్నాను, కుట్టుమిషనులో సూదులు విరగ్గొడుతున్నాను. కళ్ళు మూసుకుని ప్రార్థనకు కూర్చుంటే రైలుకూతే వినిపిస్తోంది. వెంటనే జాబు రాయండి.

మీ కోడలు,
కృప


కొత్తపాలెం,
25 జనవరి 1975

ప్రియమైన కృపకు,

మీ అత్త సువార్తమ్మ ఆశీర్వదించి రాయునది. సత్యం నీతో చెప్పేశాడనుకున్నాను. కష్టమైన మాట ఇంకొకరి నెత్తిన పడేసి తప్పుకోవడం వాడికి చిన్నప్పట్నుంచీ ఉన్నదే.

నీ కాన్పు నాడు డాక్టరమ్మ బయటికొచ్చి, తల్లీ బిడ్డల్లో ఒకరైనా దక్కితే అదృష్టమంది. సత్యం గోడకు ఆనుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడు. నేను ఆసుపత్రి వరండాలో మోకాళ్ళూని, "దేవా, ఇద్దర్నీ దక్కించు. ఆ బిడ్డను నీ సేవకే ఇస్తాను" అని మొక్కుకున్నాను. ఇద్దరూ దక్కారు. సమూయేలు అనే పేరు ఊరికే పెట్టలేదమ్మాయీ. గొడ్రాలు హన్నా కొడుకునిమ్మని ఏడ్చి, పుట్టినవాణ్ణి పాలు మరవగానే గుడికి తీసుకెళ్ళి, ఏలీ అనే యాజకుడి దగ్గర వదిలేసి రాలేదూ? ఈ సమూయేలూ అంతే.

జూన్‌లో బడి తెరుస్తారు. మన మిషన్ బోర్డింగులో చోటు అడిగి ఉంచాను. అక్కడే ఉండి చదువుకుని పాదిరిగారవుతాడు. వాడికి ఆరో ఏడు వస్తోంది, ఇంకా చంటివాడేం కాదు. చొక్కాలు రెండు కాస్త వదులుగా కుట్టు, ఎదిగే వయసు. హన్నా కూడా కొడుక్కి ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్ళేదట. నీ చేతిలో ఆ పనితనం ఉంది. ఏడవకు. దేవుడికిచ్చింది ఎక్కడికీ పోదు.

నీ మేలు కోరే
సువార్తమ్మ


లింగంపల్లి,
20 ఫిబ్రవరి 1975

అత్తయ్యగారికి,

వందనాలు. మీ ఉత్తరం చదివి ఇన్ని రోజులు ఊరుకున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు.

హన్నా మొక్కుకున్నది తన బిడ్డను అత్తయ్యా. మీరు మొక్కింది నా బిడ్డను. లోపల నేను చావుబతుకుల్లో ఉంటే బయట నా బిడ్డను ఇచ్చేశారు. నన్నడిగితే కాదనేదాన్నని కాదు, అడగలేదన్నదే నా బాధ. ఇన్నేళ్ళు నాకు చెప్పకుండా వాణ్ణి ఎలా ఎత్తుకున్నారు? వాడికి ముద్దలు కలిపి ఎలా పెట్టారు?

మీ అబ్బాయితో పోట్లాడాను. "అమ్మ దేవుడికిచ్చిన మాట, మనం తప్పిస్తే ఇంటికేం కీడో" అంటారు. నాకూ అదే భయం. వాడు తుమ్మితే భయం, గచ్చిబౌలి వైపు బండల మీద పిల్లలతో ఆడుకోను వెళితే భయం. తిరిగొచ్చేదాకా వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంటాను.

నిన్న పాలు పొంగి పొయ్యి ఆరిపోతే నీలమ్మ చూసింది. "ఏందమ్మా, ఏడ ఉంది నీ పానం? గింత పరేషాన్ ఎందుకు?" అంది. ఆపుకోలేక చెప్పేశాను. ఆమె నడుంమీద చెయ్యి పెట్టుకుని, "మొక్కింది మీ అత్త గదా? మరి ఆమెనే తీర్చాలె. పోచమ్మకు కోడిని మొక్కితే నా కోడిని ఇచ్చిన గని, పక్కింటామె కోడిని పట్కపోయిన్నా?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

నేను పిల్లాణ్ణి పంపను.

కృప


కొత్తపాలెం,
6 మార్చి 1975

కృపకు,

నీ ఉత్తరం చేరింది. ముప్ఫై ఏళ్ళుగా సంఘంలో ఆడవాళ్ళకు వాక్యం చెబుతున్నాను. నాకు మొక్కు సంగతి పోచమ్మ కోడితో నేర్పించే కోడలు దొరికింది, సంతోషం.

ఆ వరండాలో నువ్వు లేవు. చల్లటి గచ్చు మీద నా మోకాళ్ళున్నాయి. లోపలి నుంచి నీ కేక ఆగిపోయినప్పుడు ఏమనుకున్నానో నీకు తెలియదు. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేముంది? మాటిచ్చాను. మనుషులకిచ్చిన మాటే తప్పని దాన్ని, దేవుడికిచ్చినది ఎలా తప్పను? పాదిరిగారితో చెప్పేశాను, బోర్డింగులో పేరు రాయించాను.

నీ ప్రాణం కూడా ఆ మొక్కులోదే. అది మరిచిపోకు.

సువార్తమ్మ


లింగంపల్లి,
28 ఏప్రిల్ 1975

ప్రియమైన అత్తయ్యగారికి,

వందనాలు. మీ చివరి మాట ఇన్నాళ్ళూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. నిజమే, నా ప్రాణం కూడా అందులోదే. ఉదయం లేచి పొయ్యి ఊదుతుంటే గుర్తొస్తుంది, ఊదడానికి నేను లేకుండా పోయేదాన్ని కదా అని. వాడి తలంటుతుంటే గుర్తొస్తుంది. వాడు కళ్ళల్లో కుంకుడుపులుసు పడిందని గోల పెడుతుంటే, ఆ గోల వినడానికి నేనున్నాను కదా అని చేతులు ఆగిపోతాయి. కృతజ్ఞత లేనిదాన్ని కాను. కానీ ఏ పిల్లాడి మూలంగా దేవుడికి స్తోత్రం చెబుతున్నానో వాణ్ణే తీసుకుపోతారంటే, స్తోత్రం నోట్లోనే ఆగిపోతోంది. ఇది మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మొన్న ధైర్యం చేసి హన్నా కథ ఎత్తుకున్నాను. మీ పాత నేతచీర చెంగుతో హన్నాను కుట్టాను. నల్లటి గొడుగుగుడ్డతో ముసలి ఏలీ. పప్పుల డబ్బా గుడి. హన్నా పిల్లాణ్ణి గుళ్ళో పెట్టి వెనక్కి తిరిగిందని చెప్పేసరికి నీలమ్మ పిల్లలు కూడా దగ్గరికి జరిగారు. మన సమూయేలు లేచి, హన్నా బొమ్మను నా చేతిలోంచి లాక్కుని డబ్బాలో పెట్టేశాడు. "అమ్మ కూడా గుళ్ళోనే ఉంటుంది" అన్నాడు. "అలా కాదురా, కథలో వెళ్ళిపోతుంది" అన్నాను. "అయితే వాడికి అన్నం ఎవరు కలుపుతారు? ఈ తాతకి చేతులు వణుకుతున్నాయి కదా" అన్నాడు. అన్నం మెత్తబడిపోయింది.

పంపను అని రాశాను. ఆ మాట మీద నిలబడలేకపోతున్నాను. ఇంట్లో మీ అబ్బాయి మాట్లాడరు. నాకు ప్రార్థన రాదు. రేపు వాడికేదైనా జరిగితే నావల్లే అనిపిస్తుంది. అందుకే తీసుకొస్తాను అత్తయ్యా. చొక్కాలు కుడుతున్నాను, మీరన్నట్టే వదులుగా. ఒక్కటే కోరిక. బోర్డింగు గేటు దగ్గర నా చేతిలోంచి వాణ్ణి మీరే తీసుకోవాలి. పాదిరిగారు వద్దు, బోర్డింగువాళ్ళు వద్దు. మీ చేతులతో మీరు విడిపించుకోవాలి.

మీ కోడలు,
కృప


మిషన్ బోర్డింగు,
5 జూన్ 1975

నా తల్లి కృపకు,

రైలు టిక్కెట్టు కొనవద్దు. కొని ఉంటే సత్యాన్ని వెళ్ళి తిరిగి ఇచ్చేయమను.

నీ ఏప్రిల్ ఉత్తరం అందిన వారం స్త్రీల కూడికలో హన్నా గురించి చెప్పాను. ఎన్నిసార్లు చెప్పిన కథ! ఏలీ దగ్గర వదిలిందనే చోటికి రాగానే నీ కొడుకు అడిగినది గుర్తొచ్చింది. నిజమే కదా, ఆ పసివాడికి అన్నం కలిపిందెవరు? తల దువ్విందెవరు? ముప్ఫై ఏళ్ళలో ఒక్కరోజు నాకు ఈ ఆలోచన రాలేదే! కథ అక్కడే ఆపి పాట ఎత్తుకున్నాను. ఆడవాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

సరే, వాడు పడుకునే చోటు చూసొద్దామని కిందటి నెల బోర్డింగుకి వచ్చాను. సెలవులైనా ఇళ్ళకు వెళ్ళలేని పిల్లలు కొందరున్నారు. పిల్లల్ని చూసుకునే మేట్రనమ్మ పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట, ఆ పనికి ఎవరూ దొరకలేదట. ఒక చిన్నదాని గౌనుకి బొత్తాములు లేవు, పిన్నీసు పెట్టుకుంది. అది గుచ్చుకుని మెడ కింద ఎర్రగా ఉంది. సంచిలో సూదీదారం ఉంటే అరుగుమీద కూర్చుని బొత్తాం కుట్టాను. తలెత్తి చూస్తే పిల్లలందరూ నా ముందు వరసగా నిలబడ్డారు. ఒకడికి జేబు ఊడింది, ఒకదానికి చెయ్యి చిరిగింది. ఒకడికి ఏమీ చిరగలేదు, ఊరికే నిలబడ్డాడు. వాడి చొక్కా కాస్త సర్ది పంపాను.

అక్కడ తెలిసిందమ్మాయీ. దేవుడికి పిల్లాడు తక్కువయ్యి అడగడం లేదు. ఉన్న పిల్లలకే మనిషి లేదు. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేముందని నీకు రాశాను. నేనున్నాను కదా, ఆ సంగతే తోచలేదు. నాది కాని దాన్ని ఇస్తానని దేవుడి దగ్గర పెద్దరికం చేశాను. మీ నీలమ్మ కోడి నన్ను రెండు నెలలు నిలవనిచ్చిందనుకున్నావా? వాక్యం చదువుతుంటే కూడా నెత్తిమీద కూసింది.

మొక్కు నాది, తీర్చేదీ నేనే. ఇంటికి తాళం వేసి, మేకను పక్కింటికి ఇచ్చేసి, సోమవారం నుంచి ఇక్కడే ఉంటున్నాను. మేట్రనమ్మ గది నాకిచ్చారు. పొద్దున్నే తలలు దువ్వాలి, ఒకటే పేలు. నడుం లాగేస్తోంది, కానీ పడుకోగానే నిద్ర పడుతోంది. సత్యానికి చెప్పు, కీడూ లేదు గాడిదగుడ్డూ లేదు, పెళ్ళాంతో మాట్లాడమని.

వాడి పేరు మార్చకు. కథలోలాగే సమూయేలని పిలిచేది దేవుడు, పలికేది వాడు. మధ్యలో నేనెవర్ని? నిన్ను అడగకుండా మొక్కాను. నా మీద కోపం ఉంటే ఉంచుకో, నాకు తగినదే. ఉత్తరాలు మాత్రం మానకు.

ప్రేమతో,
మీ అత్త


లింగంపల్లి,
10 డిసెంబరు 1975

ప్రియమైన అత్తయ్యకు,

మీ కృప అనేక వందనాలు. క్రిస్మస్‌కి పిల్లల్ని వదిలి రాలేనన్నారు. మీ అబ్బాయికి సెలవు దొరికింది, మేమే వస్తున్నాం. ఈ పార్సెలు ముందుగా పంపుతున్నాను. అందులో బొత్తాములున్నాయి, బోర్డింగులో అందరికీ సరిపడా. పప్పుల డబ్బాతో సహా హన్నా బొమ్మలున్నాయి. మీ మనవడు కుట్టమంటే ఇంకో బొమ్మ కుట్టాను. నెరిసిన జుట్టుకు తెల్లదారం పెట్టాను. దాన్ని డబ్బాలో చిన్న సమూయేలు పక్కన కూర్చోబెట్టి, "ఈ మామ్మ అన్నం కలుపుతుంది" అని వాడే కథ పూర్తిచేశాడు. ఇప్పుడు మా వీధిలో హన్నా కథ అలాగే చెబుతున్నాం. పాదిరిగారితో అనకండి.

నీలమ్మ కోవా చేసి ఇచ్చింది. "గా ముసలమ్మకు చెప్పు, నా కోడి ముచ్చట యాదుంచుకున్నదట గదా, మంచిగ తినుమను, జర పైలం" అంది, ఒళ్ళు జాగ్రత్త అని.

కుట్టుమిషను తొక్కుతుంటే మళ్ళీ ప్రార్థన వస్తోంది అత్తయ్యా. కళ్ళు మూసుకోనక్కర్లేకుండానే. గుండెదడ పూర్తిగా పోయిందని చెప్పను. వాడు బండల మీదకు ఆడుకోను వెళితే ఇప్పటికీ వీధిలో నిలబడతాను. కానీ నిలబడి, స్తోత్రం అనుకుంటాను.

అన్నిటికన్నా కింద, కాగితంలో చుట్టి మీకో రవికె ఉంది. గుడికిచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళు ఏడాదికొకటి కుట్టి తేవాలి కదా. ఇకనుంచి ప్రతి ఏడూ తెస్తాను. సమూయేలుకైతే ఏటేటా వదులు పెంచుతున్నాను. మీది మాత్రం కిందటి క్రిస్మస్‌కి తీసుకున్న కొలతతోనే కుట్టాను. పిల్లలకు పెట్టి మీరు తినడం మానేయకండి. వచ్చే ఏడు కూడా నేను ఇదే కొలతకు కుట్టాలి.

మీ
కృప