వెనకద్దం తుడవకండి

అత్తయ్యా,

ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. ఈ పూట కూడా నా డ్యూటీయేనట. సాయంత్రానికి గానీ రాను. నిద్ర లేపడం ఇష్టంలేక రాసి పెడుతున్నాను.

అక్వేరియంలో నీళ్ళు గీత కిందికి దిగితే ఒక చెంబుడు ఫిల్టర్ నీళ్ళు పొయ్యండి. ఉప్పు కలపొద్దు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉంటుంది. స్టార్‌ఫిష్‌ని చేత్తో పైకి తియ్యొద్దు. గాలి తగిలితే దాని ప్రాణం మీదికొస్తుంది.

అసలు సంగతి, వెనకద్దం తుడవకండి. నెల రోజులుగా స్టార్‌ఫిష్ ఎందుకు చిక్కిపోతోందో తెలియక తల పట్టుకున్నాను. నీళ్ళు ఎన్నిసార్లు పరీక్ష చేశానో లెక్కలేదు. నిన్న మీరు గుడ్డ పిండుతుంటే పచ్చటి నీళ్ళు కారడం చూశాను. అప్పుడే చెబుదామంటే నోరు రాలేదు. ఆ పాచి మురికి కాదత్తయ్యా, దాని తిండి. అది తినకముందే మీరు రోజూ దాని కంచం కడిగేస్తున్నారు.

నేను కడిగిన గిన్నెలు మీరు మళ్ళీ కడుగుతారు. నేను మడతపెట్టిన బట్టలు విప్పి మళ్ళీ మడతపెడతారు. నేనేనాడూ ఏమీ అనలేదు, అనే ఓపిక కూడా లేదు. కానీ ఈ ఇంట్లో ఆ ఒక్క అద్దమైనా నేను ఉంచినట్టు ఉండనివ్వండి.

మరిచేపోయాను. చెయ్యి అందడం లేదని స్టూలెక్కుతున్నారట, చిన్నది చెప్పింది. ఆ మోకాళ్ళతోనా! స్టూలు మా గదిలో పెట్టి తాళం వేసుకుపోతున్నాను. తిట్టాలనిపిస్తే కుర్చీలో కూర్చుని తీరిగ్గా తిట్టుకోండి.