పద్మారాణి ఎవరి మనిషి

కడోదరా,
జూన్ 16

ప్రియమైన అన్నకు,

భాగీరథి నమస్కారాలు. పొద్దున ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "మీ అన్న నీతోని మాట్లాడడట" అని పెట్టేసింది. అందుకే రాస్తున్నాను. కాగితమైతే చివరిదాకా చదువుతావని నాకు తెలుసు.

నిన్నటి ప్రజాభిప్రాయ సభలో అంతమంది ముందు లేచి నీ మాటకు అడ్డం చెప్పాను. చెప్పిన తీరుకు క్షమించు. చెప్పిన మాటకు మాత్రం క్షమాపణ అడగను.

ప్రభుత్వం తెచ్చిన ముసాయిదాను నేను రెండుసార్లు చదివించుకుని విన్నాను. సూరత్‌లో ఉన్న ప్రతి భాషవాళ్లకూ ఒక హాలు, బడిలో వాళ్ల భాష, వాళ్ల పండుగకు మైదానం. ఇంతవరకు బాగుంది. ఆ కిందనే ఇంకో మాట ఉంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు గది అద్దెకు తీసుకోవాలన్నా, అద్దె కాగితం మార్చుకోవాలన్నా వాళ్ల భాషా సమాజం బాధ్యత పత్రం ఇవ్వాలట. వాళ్లు తప్పు చేస్తే సమాజం జవాబు చెప్పాలట. నువ్వు తెలుగు సమాజం అధ్యక్షుడిగా మైకు పట్టుకుని "మా మనుషులకు మేమే జిమ్మేదార్" అన్నావు. హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు పద్మారాణి గుర్తొచ్చింది.

నా మెస్సులో రొట్టెలు చేసే పద్మారాణి. సిరిసిల్లలో మన పక్క వీధి పిల్ల. మీ వడోద్‌లోనే ఉంటుంది. సాంచాల మీద బట్ట నేసే ఒరియా అబ్బాయి ప్రశాంత్‌ను చేసుకుంది. వాళ్ల పిల్లకు తొమ్మిదేళ్లు, గుజరాతీ బడిలో చదువుతోంది. సభ నుంచి వచ్చాక పద్మారాణి పిండి కలుపుతూ అడిగింది, "అక్కా, గా కాగితం నాకెవరిస్తరు?" అని. నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

నీ చెల్లె
భాగీరథి

వడోద్,
జూన్ 22

ప్రియమైన చెల్లె భాగీరథికి,

అన్న దీవెనలు. నీ ఉత్తరం రెండు రోజులు విప్పలేదు. మీ వదిన దాన్ని నా కంచం పక్కన పెట్టి, "చదివినంకనే అన్నం" అంది.

కోపం వచ్చిన మాట నిజమే. కానీ నేను అన్నదాంట్లో తప్పేముంది? తాపీ నది పొంగిన ఏడాది మేడల మీద ఇరుక్కున్న మనవాళ్లకు పడవ మాట్లాడి అన్నం చేర్చింది ఎవరు? సాంచాల షెడ్డులో కరెంటు కొట్టి చనిపోయినవాళ్లను ఊరికి పంపింది ఎవరు? లాక్‌డౌన్‌లో రైళ్ల కోసం పేర్లు రాసి, అధికారుల వెంట తిరిగింది ఎవరు? సమాజమే కదా. ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగకుండా మోశాం. ఇన్నేళ్లూ మనల్ని బయటివాళ్లన్న నగరం మొదటిసారి కుర్చీ వేసి కూర్చోమంది. వద్దని నిలబడాలా?

నా మనవరాలు ఊరి పేరు కూడా హిందీ అక్షరాల్లో రాస్తోంది. తెలుగు క్లాసు వస్తే ఆ పిల్ల తెలుగు చదువుతుంది. నాకు అది చిన్న విషయం కాదు.

పద్మారాణిని దరఖాస్తు పెట్టమను. కమిటీలో నేనున్నాను, భయం లేదు. నువ్వు కాగితాన్ని చూసి బెదురుతున్నావు. నేను మనుషులను చూస్తున్నాను. మన మనుషులు మంచివాళ్లు.

మోకాలి నొప్పికి నూనె రాసుకుంటున్నావా? పొయ్యి దగ్గర మరీ ఎక్కువసేపు నిలబడకు.

నీ మంచి కోరే అన్న
దశరథం

కడోదరా,
జూలై 15

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. మళ్లీ రాస్తున్నాను.

ప్రియమైన అన్నకు,

పద్మారాణి పది రోజుల కింద సమాజం కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "దరఖాస్తుదారు కుటుంబం మా సమాజం పరిధిలోకి రాదు" అని ఉంది. కింద నీ సంతకం. ఒరియావాళ్ల సమాజానికి వెళ్తే, "భార్య తెలుగామె కదా, అటే వెళ్లండి" అన్నారట.

ముసాయిదా ఇంకా చట్టం కాలేదు. అయినా ఇంటి యజమాని రమణ్‌భాయ్ బాధ్యత పత్రం చూపిస్తేనే అద్దె కాగితం రాస్తానన్నాడు. లేదనేసరికి గది ఖాళీ చేయించాడు. తల్లీబిడ్డలు ఇప్పుడు మెస్సు వెనక నా గదిలో ఉన్నారు. ప్రశాంత్ షెడ్డులోనే పడుకుంటున్నాడు. వడోద్‌లోని బడి ఇక్కడికి దూరం కదా, పిల్ల వారం నుంచి వెళ్లడం లేదు. "పెద్దమ్మా, బడిల నా పేరు కొట్టేస్తరా?" అని రోజూ అడుగుతోంది.

మనుషులను చూస్తున్నానని రాశావు. ఈమెను చూశావా?

వచ్చే నెల రెండో సభలో మళ్లీ లేస్తాను. నువ్వు వేదిక మీద ఉన్నా లేస్తాను.

నీ చెల్లె
భాగీరథి

వడోద్,
ఆగస్టు 20

ప్రియమైన చెల్లె భాగీరథికి,

అన్న దీవెనలు. నీ ఉత్తరానికి నెల దాటాక జవాబు రాస్తున్నాను. పిల్లకు జ్వరం వచ్చి నువ్వు రెండో సభకు రాలేకపోయావని మీ వదిన చెప్పింది. అందుకని జరిగింది నేనే రాయాలి.

ఆ సంతకం నాదే. ఎవరూ బలవంతాన పెట్టించలేదు. కమిటీలో ఏడుగురం. పద్మారాణి దరఖాస్తును ముందుకు తెచ్చింది నేనే. కార్యదర్శి ఓంకార్, "రేపు గా ఒరియాయన ఏమన్న చేస్తే ఠాణాల మనం కూసోవాల్నా అన్నా?" అన్నాడు. ఐదుగురు వద్దన్నారు. అధ్యక్షుణ్ని కాబట్టి సంతకం పెట్టాను. ఇంటికొచ్చి తిన్నాను, నిద్ర కూడా పోయాను. నీకు అబద్ధం రాయను.

తర్వాత ఇంకొకరు. తాగుతాడని ఒకణ్ని, యూనియన్‌లో తిరుగుతాడని వరప్రసాద్‌ను, మొగుణ్ని వదిలి వచ్చిందని ఒకామెను, మతం మార్చుకున్నాడని మరొకణ్ని ఆపాం. ప్రతిసారీ ఒకటే ప్రశ్న, రేపు ఏమన్నా అయితే ఎవరు పోవాలి? రెండో సభకు ముందురోజు కాదన్నవాళ్ల పేర్లు చూసుకున్నాను. పదకొండు మంది. ముప్పై ఏళ్లలో మన గడప దగ్గర ఒక్కరినీ ఆపలేదు చెల్లె. ఈ కాగితం వస్తుందన్న మాటకే పదకొండు మందిని ఆపాం. ఓంకార్ వరదలో మెడలోతు నీళ్లలో నడిచి పసిపిల్లలకు పాలు తెచ్చిన మనిషి. అతను చెడిపోలేదు. మేం భయపడ్డాం, అంతే. భయపడినవాడి చేతికి తలుపు గొళ్లెం ఇవ్వకూడదు.

సభలో హిందీలో మాట్లాడాను. మన మాటలో చెప్పాలంటే, "సాబ్, ఆకలైతే పెడ్తం, సచ్చిపోతే మోస్తం. అది మాకు ఎవరు చెప్పనక్కర్లే. గని ఎవరు మంచోడు, ఎవరు చెడ్డోడు అని రాసిచ్చుడు మా పని గాదు. జామీను పడం" అన్నాను.

ఈసారి చప్పట్లు లేవు. అధికారి కాగితాలు తిరగేసి, "పోయినసారి వేరేలా చెప్పారు కదా?" అన్నాడు. "అవు సాబ్, అప్పుడు చేసి చూడలే. ఇప్పుడు చూసిన" అన్నాను. వెనక నుంచి ఒరియా సమాజం పెద్దమనిషి లేచి, తమదీ అదే మాట అన్నాడు. అభ్యంతరాలన్నీ రాసుకున్నారు. ముసాయిదా ఏమవుతుందో తెలియదు. తెలుగు క్లాసు మాత్రం నాకు కావాలి. దాని కోసం వేరే అర్జీ ఇచ్చాను. అందులో నువ్వు అడ్డం చెప్పినా వినను.

హాలు స్థలం పోగొట్టానని ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. ఇప్పుడు అధ్యక్షుడు ఓంకార్. బాధ లేదని అనను. పొద్దున లేచి సమాజం ఆఫీసు వైపు నడిచి, మలుపు దగ్గర గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

మర్నాడు రమణ్‌భాయ్ దగ్గరికి వెళ్లి, ముసాయిదా ఇంకా చట్టం కాలేదని, ప్రభుత్వం వేసిన గుజరాతీ నోటీసు చదివి వినిపించాను. ఆయన, "దశరథ్‌భాయ్, ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. పద్మారాణి గది ఇంకా ఖాళీగానే ఉంది. తాళంచెవి ఇచ్చాడు. బడిలో కూడా కనుక్కున్నాను. పేరు కొట్టేయలేదని పిల్లకు చెప్పు.

ఇప్పుడు ఆ పదకొండు ఇళ్లకూ తిరుగుతున్నాను. ఎనిమిది అయ్యాయి. మొగుణ్ని వదిలి వచ్చిన ఆమె చాయ్ పోసి ఇచ్చింది. ఒకాయన నవ్వి పనికి వెళ్లిపోయాడు. వరప్రసాద్ తలుపు తీసి, నన్ను చూసి మళ్లీ వేసుకున్నాడు. రేపు షిఫ్టు దిగే వేళకు మళ్లీ వెళ్తాను.

ఆదివారం కడోదరా వస్తున్నాను. తాళంచెవి నీ చేతికి ఇచ్చి పోవడం తేలిక. అలా చేయను. ముందు పద్మారాణి దగ్గరికి వెళ్తాను. ఆమె ఏమంటే అది నిలబడి వింటాను. ఆ తర్వాత నీ దగ్గర అన్నం తింటాను.

నీ అన్న
దశరథం